డప్పు మానిన చెయ్యి

రిటైరైన టీచర్లందరినీ వరుసగా కుర్చీల్లో కూర్చోబెట్టి, శాలువాలు కప్పి, ఒక్కొక్కరినే మైకు దగ్గరికి పిలిచారు మొన్న మా సంఘంలో. నా వంతు వచ్చేసరికి, కొత్తగా వచ్చిన పాస్టరు "అమ్మా, మీ సర్వీసులో శత్రువును ప్రేమించిన అనుభవం ఒకటి చెప్పండి, అయిదు నిమిషాల్లో" అన్నాడు. మంచి పిల్లవాడే. బెల్లం ముక్కలాంటి సాక్ష్యం ఒకటి దొరుకుతుందని ఆశపడ్డాడు. నా దగ్గరున్నది బెల్లం కాదు. "రాసిస్తాను నాయనా" అని చెప్పి కూర్చున్నాను. ఇదిగో రాస్తున్నాను. చదివాక మీరు ఆమెన్ అంటారో, ముసలామెకు ఇంకా కోపం చావలేదంటారో మీ ఇష్టం. కోపం చావలేదన్నది మాత్రం నిజం.

అరవైలు అప్పుడే మొదలైన కాలం. ట్రైనింగు ముగించుకుని, నల్లగొండ దిక్కు మా ఇంటిని వదిలి, కల్వకుర్తి దగ్గర ఒక ఊళ్లో మొదటి ఉద్యోగానికి చేరాను. ఊరి పేరు రాయను, ఎవరి పేరూ రాయను. అందరికీ మనవళ్లున్నారు, బస్సుల్లో ఎదురవుతుంటారు. మిషన్ బడి అంటే మీరు గోడలూ గంటా ఊహించుకోకండి. మాదిగవాడ చివర బోదగడ్డి కప్పిన ఒక బోదకొట్టం, అంతే. వారమంతా అది బడి, ఆదివారం గుడి. నేను పుట్టిందీ అలాంటి వాడలోనే కనుక నాకేమీ వింతగా అనిపించలేదు. టీచరంటే పలకలు దిద్దిస్తే సరిపోయేది కాదు. ఇళ్లు తిరగాలి, ప్రార్థన చేయించాలి, ఎవరికైనా జ్వరమొస్తే దవాఖానకు తోడు పోవాలి.

అన్నిటికంటే పెద్ద పని తగవులు తీర్చడం. అయ్యగారు, అంటే మా పాస్టరు, చాలా ఊళ్లు చూసుకోవాలి కనుక ప్రభువు భోజనం ఇవ్వడానికి మా ఊరికి ఎప్పుడో ఒకసారి వచ్చేవారు. దానికి ముందురోజు సిద్ధపాటు కూడిక ఉండేది. ఎవరికి ఎవరితో తగవున్నా ఆ కూడికలో అందరి ముందూ లేచి ఒకరికొకరు వందనాలు చెప్పుకోవాలి. చెప్పుకోని వాళ్లకు మర్నాడు రొట్టె ఉండదు. ఒకసారి ఇద్దరు తోడికోడళ్లు కోడిపెట్ట దగ్గర మాటామాటా పెరిగి పంతం పట్టారు. వాళ్లిద్దరి చేత వందనాలు అనిపించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. అన్నాక ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి ఏడ్చారు, ఆ పెట్టను మాత్రం ఎవరూ ఎవరికీ ఇవ్వలేదు. ఆ పద్ధతి మీద నాకు ఇప్పటికీ గౌరవమే. ఒకే కూలి మీద, ఒకే గంజి మీద బతికేవాళ్ల మధ్య అది చక్కగా పనిచేసింది.

మా వాడలో డప్పు కొట్టే మనిషి ఒకాయన ఉండేవాడు. నేను అన్నా అనేదాన్ని, ఆయన భార్యను వదినె అనేదాన్ని. ఆయన చేతికి చుట్టుపక్కల సాటి లేదని అందరూ చెప్పుకునేవారు. నేను వినలేదు, నేను పోయేనాటికే మానేశాడు. తనంతట తాను మానలేదు, మన సంఘం మాన్పించింది. విగ్రహం ముందు మోగిన చెయ్యి ప్రభువు రొట్టె పట్టకూడదని అయ్యగారు బోధించారు. ఆయన డప్పును తీసుకుపోయి ఇంటి చూరుకు కట్టేశాడు. దానితోపాటు ఊళ్లో పండుగకూ పెళ్లికీ చావుకూ ఆయనకు రావలసిన గింజలూ పోయాయి. ఆయన దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. వదినె మాత్రం రోజూ మాట్లాడేది.

ఆ ఏడు వానలు వెనకబడ్డాయి. ఊరి దేవత పెద్దమ్మకు పండుగ చేయాలని ఊరివాళ్లు నిర్ణయించారు. పక్క ఊళ్ల నుంచి డప్పులు వచ్చాయి, కాని పటేలుకు ఈయన చెయ్యే కావాలి. పటేలంటే ఆ రోజుల్లో ఊరికి పోలీసు పటేలు, తాతల నాటి నుంచి వచ్చిన అధికారం. సగం ఊరు ఆయన పొలాల్లోనే పనిచేసేది. అన్నను చావడి దగ్గరికి పిలిపించాడు, వదినె కూడా వెంట పోయింది. ఆ పొద్దు బడికి పిల్లలు ఒక్కరూ రాలేదు, పండుగ చూడడానికి పోయారు. వాళ్లను మళ్లించుకొద్దామని నేనూ అటు పోయాను. అందుకే జరిగింది నా కళ్లతో చూశాను.

"కొట్ట పటేలా," అన్నాడు అన్న, చేతులు కట్టుకుని. "బాప్తిస్మం తీసుకున్న. మా అయ్యగారు వద్దన్నరు. ఇంకేం పని జెప్పినా జేస్త."

"కొట్టని చెయ్యి నీకెందుకురా?" అన్నాడు పటేలు. పెద్దగా కూడా అనలేదు. పక్కనున్న తన జీతగాని దిక్కు చూసి తల ఊపాడు. జీతగాడు అంటే ఏడాది జీతానికి ఆయన ఇంట్లో పనిచేసే గొల్ల మనిషి. వాడు కాసేపు వెనకా ముందూ ఆడాడు. పటేలు ఇంకోసారి చూశాడు. అన్న కుడిచేతిని చావడి అరుగు మీద పెట్టించారు, జీతగాడు గొడ్డలి కామ, అంటే దాని కర్రపిడి, ఎత్తి కొట్టాడు. పండుగ ఆగలేదు. పక్క ఊరి డప్పులు మోగుతూనే ఉన్నాయి.

ఎడ్లబండి మీద రోడ్డుకూ, అక్కణ్ణుంచి బస్సులో పాలమూరు దవాఖానకూ తీసుకుపోయాం. ఎముకలు అతుకుతాయి కాని వేళ్లు ముడవడం కష్టమన్నాడు డాక్టరు. ఆయన చెప్పినట్టే అయింది. అక్కడే, దవాఖాన మెట్ల మీదే, ఠాణాకు పోదామంది వదినె. ఊళ్లో దెబ్బలాట జరిగితే ఠాణాకు కబురు చెప్పవలసినవాడు పోలీసు పటేలు. కొట్టించినవాడే కబురు మోయాలన్నమాట! ఆయన మోసేదాకా కూర్చుంటే మా ఎముకలు మట్టిలో కలిసిపోయేవి. మేమే కల్వకుర్తి ఠాణాకు పోయాం. అక్కడి సబిన్‌స్పెక్టరుకు పటేలు మీద అంతకుముందే ఏం కోపముందో ఏమో, మేం చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. చూసినవాళ్లు ఎవరంటే, వదినె, నేను. ఊరంతా చూసింది, కాని ఊరికి ఆ పొద్దు కండ్లు లేవు.

కేసు కోర్టుకెక్కేసరికి పటేలుకు మన మతం మీద ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది. అయ్యగారిని కబురుపెట్టి పిలిపించుకున్నాడు. మీ దేవుడు శత్రువును క్షమించమన్నడట గద, మరి మీవోళ్లు కోర్టులెంట తిరుగుడేంది అని అడిగాడట. రోడ్డు పక్కన తనకొక జాగా ఉందనీ, ప్రార్థన మందిరానికి ఇచ్చేస్తాననీ అన్నాడట. దానికి అన్న చేయవలసిందల్లా ఒకటే. రాయి మీద పడితే చెయ్యి విరిగిందని కోర్టులో చెప్పాలి. వదినె, నేను కూడా అదే చెప్పాలి. లేదంటే వాడలో ఎవరికీ తన పొలాల్లో పని లేదన్నాడు.

అయ్యగారిని దుర్మార్గుడని నేను రాయను. ఎండలో వానలో సైకిలు మీద ఊళ్లు తిరిగిన మనిషి. కలరా వచ్చినప్పుడు ఎవరూ ముట్టని శవాలను మోసిన మనిషి. బోదకొట్టం బదులు నాలుగు గోడల మందిరం కట్టాలని ఏళ్ల తరబడి కన్నీళ్లతో ప్రార్థన చేశాడు. జాగా మాట వినగానే అది ప్రార్థనకు జవాబు అనుకున్నాడు. దేవుడు జవాబిచ్చేటప్పుడు ఒకడి వేళ్లు విరిచి ఇస్తాడా అని ఆయనకు తోచలేదు. నాకు మాత్రం వెంటనే తోచింది, ఆ మాటే అడిగాను. నువ్వు చిన్నపిల్లవు అన్నారు.

ఆదివారం ప్రసంగమంతా క్షమాపణ మీదే. డెబ్బై ఏడుల మార్లు క్షమించాలి, ఒక చెంప కొడితే రెండోది తిప్పాలి, శత్రువు ఆకలిగొంటే అన్నం పెట్టాలి, దప్పిగొంటే నీళ్లియ్యాలి. చెప్పిన ఒక్కొక్క మాటా నిజమే, ప్రభువు మాటే. కాని ఎవరికి చెబుతున్నారు? కట్టు కట్టుకుని ముందు వరసలో కూర్చున్నవాడికి. పటేలు పశ్చాత్తాపపడాలని చావడికి పోయి ఒక్క మాట చెప్పినవాళ్లు లేరు. ముల్లొచ్చి ఆకు మీద పడ్డా ఆకొచ్చి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే అంటారు. ఇక్కడ చిరిగిన ఆకునే కూర్చోబెట్టి ముల్లును ఓదార్చమన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు రాస్తుంటే కూడా మండుతూనే ఉంది. శత్రువును ప్రేమించమన్న ప్రభువు శత్రువును శత్రువు కాదని చెప్పమనలేదు. జరిగింది జరగలేదని చెప్పమని అసలే అనలేదు.

ఇంత జరిగాక కూడా, పోయి మొగుడూపెండ్లాలకు నచ్చజెప్పమని నన్నే పంపారు. అయ్యగారి మాట కాదంటే నా ఉద్యోగం పోతుందని అర్థమయ్యేట్టే చెప్పారు. పోయాను. గుమ్మంలో కూర్చున్నాను. వదినె అన్నకు జొన్న గటక ముద్దలు చేసి నోట్లో పెడుతోంది.

"ఏం జెప్పనీకె వచ్చినవో ఎరుకే టీచరమ్మా," అంది నా దిక్కు చూడకుండానే. "చెయ్యి ఆయనది. క్షమిస్తె ఆయన ఇష్టం. నేనైతె క్షమించ. రోజూ ముద్ద వెట్టేది నేను. పోయి జెప్పు మీ అయ్యగారికి."

అన్న నమిలి మింగి, సిద్ధపాటు కూడికకు వస్తానని మాత్రం అన్నాడు.

ఆ కూడికకు పటేలు కూడా వచ్చాడు. ఊరివాళ్లెవరూ అంతకుముందు మా కొట్టంలో కాలు పెట్టి ఎరుగరు. నిజానికి ఆయనా పెట్టలేదు, కొట్టం ముందర చింతచెట్టు నీడలో కూర్చున్నాడు. మా బల్ల మీద కూర్చోడు కనుక ఊరి నౌకరు సుంకరి ఆయన ఇంటి నుంచే కుర్చీ మోసుకొచ్చాడు. వానలు ఇంకా పడలేదు, ఎండ మండిపోతున్న మిట్టమధ్యాహ్నం. ఊరి నుంచి నడిచొచ్చి పటేలు చెమటతో ముద్దయ్యాడు, తువ్వాలతో మెడ తుడుచుకుంటూ కూర్చున్నాడు. వాడంతా ఎదురుగా నేల మీద కూర్చుంది. అందరికీ తెలిసిందొక్కటే, ఈ పొద్దు రాజీ కుదిరితే రేపటి నుంచి కూలి ఉంటుంది.

అయ్యగారు పాట పాడించి, ప్రార్థన చేసి, అన్నను లేపి అడిగారు, నిన్ను నొప్పించినవారిని క్షమిస్తున్నావా అని.

"క్షమించిన అయ్యగారూ," అన్నాడు అన్న. "గా దినం బండిల పండుకోని పోతుంటెనే క్షమించిన."

వాడంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. అయ్యగారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇక వందనాలు చెప్పుకుంటే పని ముగిసినట్టే. అన్న అప్పుడు వదినె దిక్కు తిరిగి నీళ్లు తెమ్మన్నాడు. ఆమె కాసేపు ఆయన ముఖంలోకి చూసి, లేచి ఇంట్లోకి పోయి, తోమిన చెంబులో చల్లటి కుండనీళ్లు తెచ్చి ఆయన ఎడమచేతికిచ్చింది. అన్న ఆ చెంబు పట్టుకుని మెల్లగా నడిచి పటేలు ముందు నిలబడ్డాడు.

"శత్రువు దప్పిగొంటె నీళ్లియ్యమని మా అయ్యగారు జెప్పిండు. ఎండల నడిసొచ్చినవు పటేలా. తాగు."

మా చేతి నీళ్లు పటేలు ఇంట్లో పశువులు తాగుతాయి, మనుషులు తాగరు. అది వాడలో పిల్లలకు కూడా తెలుసు. పటేలు చెంబును చూశాడు, అన్నను చూశాడు, ఆఖరికి అయ్యగారిని చూశాడు. ఇదేం పంచాయితీ అని ఆ చూపు. ఆయన దప్పితో ఉన్నమాట నిజం, గొంతు కదలడం నాకు కనిపించింది. అయ్యగారు గబగబా వచ్చి అన్న భుజం పట్టుకున్నారు.

"ఇప్పుడు ఇదెందుకయ్యా? ఊరి ఆచారం ఊరికుంటది. దాన్ని నడుమ తేవద్దు."

"నా ఆచారం నేను ఇడిసిపెట్టిన గద అయ్యగారూ, నువ్వు జెప్తె," అన్నాడు అన్న. ఆయన గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ కదిలించింది. "గందుకే చెయ్యి పాయె. పటేలును గూడ తన ఆచారం ఒక్క గుక్క మందం ఇడిసిపెట్టుమను. ఇగ మా నడుమ తగవే ఉండది. కోర్టు దిక్కే పోను."

పటేలు లేచాడు. గింత పొగరున్నోడు క్షమించుడేంది అని నవ్వబోయాడు, నవ్వు రాలేదు. తువ్వాల భుజాన వేసుకుని ఎండలోనే నడిచిపోయాడు. సుంకరి కుర్చీ ఎత్తుకుని వెనకాలే పరుగెత్తాడు. చెంబు అన్న చేతిలోనే ఉండిపోయింది.

అయ్యగారి కోపం అప్పుడు చూడాలి. క్షమించేవాడు షరతు పెట్టకూడదన్నారు, నీది క్షమాపణ కాదు పగ అన్నారు. నేను ఊరుకోలేకపోయాను. "షరతు పెట్టింది పటేలు అయ్యగారూ," అన్నాను. "జాగా ఇస్తా అబద్ధమాడు అన్నది ఆయన. అన్న నీళ్లిచ్చాడు. ఇమ్మని మీరే చెప్పారు." పెద్దవాళ్ల మాటకు అడ్డం పోవడం నాకు టీచరు ట్రైనింగులో నేర్పలేదని ఆయన అన్నారు. నేర్పలేదు, నిజమే. అది మా బాపు నేర్పాడు.

మర్నాడు ప్రభువు భోజనం. రొట్టె పళ్లెం వరసగా వస్తూ అన్న దగ్గర ఆగలేదు. పగ పెట్టుకున్నవాడికి లేదన్నారు. ఆ కొట్టంలో కూర్చున్నవాళ్లలో కొట్టినవాణ్ణి క్షమించానని నోరారా చెప్పినవాడు ఆయనొక్కడే, పస్తుండిందీ ఆయనే! వదినె లేచి మొగుని ఎడమచెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. వాళ్ల వెనక నేను లేచిపోయాను. మిగతావాళ్లు తలలు దించుకుని తీసుకున్నారు. వాళ్లను నేనేమీ అనను. అందరికీ పిల్లలున్నారు, రేపటి కూలి ఉంది.

ఆ కూలి కూడా దక్కలేదు. పటేలు అన్నంత పనీ చేశాడు. వాడవాళ్లు తెల్లారకముందే లేచి దూరపు ఊళ్లకు కలుపు తీయడానికి పోయేవాళ్లు. నీ చెంబు నీళ్లు మా పొయ్యి మీద పోసినవు అని అన్నను మొహం మీదే అన్నవాళ్లున్నారు. ఆయన ఒంటిచేత్తో అల్లడం నేర్చుకుంటూ, బుట్ట మళ్లీ మళ్లీ విప్పుకుంటూ కూర్చునేవాడు. రోడ్డు పక్క జాగాలో పటేలు కంది వేశాడు.

కోర్టులో పటేలు వకీలు తెలివైనవాడు. మీ మతంలో క్షమించాలి కదా, నువ్వు క్షమించానని అందరి ముందూ చెప్పావట కదా, మరి ఈ కేసేమిటి అని అన్నను అడిగాడు. కోర్టు హాల్లో కొందరు నవ్వారు.

"నా మట్టుకు క్షమించిన సారూ," అన్నాడు అన్న. "రాయి మీద పడ్డనని మాత్రం చెప్ప. గది అబద్ధమైతది. అబద్ధమాడితె నన్నెవరు క్షమించాలె?"

వదినె చెప్పింది, నేను చెప్పాను. తీర్పు ఎలా ఉండాలో అలా ఉండలేదు. కామ ఎత్తినవాడు జీతగాడు కనుక జైలు వాడికి పడింది. తల ఊపినవాడికి ఏమీ పడలేదు. తల ఊపడం నేరమని రుజువు చేయడానికి ఇద్దరు ఆడవాళ్ల మాట చాలదన్నారు. పటేలు కోర్టు మెట్లు దిగి ఊరికి పోయి పెద్దమ్మకు యాటపోతును కోశాడు. నాకు ఆ ఏడాది చివర ఆత్మకూరు దిక్కు బదిలీ అయింది. శిక్ష అని ఎవరూ అనలేదు, సంఘం అవసరాల కోసం అన్నారు.

బదిలీకి ముందు జరిగింది ఒకటి చెప్పి ముగిస్తాను.

జీతగాడు జైలుకు పోగానే పటేలు వాడి ఇంటికి గింజలు ఆపేశాడు. పనిచేయని నెలలకు జీతమేమిటన్నాడట. ఎవరి కోసం పోయాడు వాడు జైలుకు? గొల్లవాళ్లలో కూడా పటేలుకు భయపడి ఎవరూ వాడి ఇంటి గడప తొక్కలేదు. ఒకనాటి పొద్దున నేను వదినె ఇంట్లో ఉండగా వాడి భార్య చంకన పిల్లనేసుకుని ముళ్లకంప బయట వచ్చి నిలబడింది. లోపలికి రాలేదు, ఏమీ అడగలేదు. పిల్ల ఏడ్చే ఓపిక కూడా లేకుండా తల వాల్చి ఉంది.

వదినె పొయ్యి మీద గటక కెలుకుతోంది. ఆమెను చూడగానే లేచింది తిట్ల వరస. నీ మొగుని చేతులు పడిపోను అంది, గొడ్డలి కామ ఎత్తినప్పుడు నీ పిల్లలు యాదికి రాలేదా అని అడుగు అంది, ఇంకా నేను రాయలేనివి చాలా అంది. ఆమె తల దించుకుని అన్నీ పడింది. అన్న లోపలి నుంచి ఏదో అనబోతే నువ్వు మాట్లాడకు అని వదినె ఆయన్నూ కసిరింది. ఆ కసురుతోనే సర్వలోకి వేడి గటక వంచి, కంప దాటి పోయి, ఆమె చేతిలో పెట్టింది. గొల్లామె మా ఇంట్లో వండింది ముట్టుకోవడం ఆ ఊళ్లో ఎవరూ చూసి ఉండరు. ఆమె సర్వను రెండు చేతులతో పట్టుకుంది.

"మమ్ముల క్షమించినవా అక్కా?" అని అడిగింది.

"ఎవలు క్షమించిన్రు? నేనైతె క్షమించలే," అంది వదినె. "కూసో. ముందుగాల పిల్లకు వెట్టు."

ఆమె వాకిట్లోకి వచ్చి కూర్చుంది. వదినె తిడుతూనే రెండోసారి వడ్డించింది.